అరవై క్రోమోజోముల గడ్డ

నేను కత్తెరతో బతికిన మనిషిని. దర్జీని కాదు. డెబ్బైల చివరి నుంచి పదేళ్లకు పైగా, బెంగళూరులో ఒక క్యాన్సర్ ఆసుపత్రి వెనక ఉన్న రెండు గదుల ప్రయోగశాలలో, క్రోమోజోముల ఫొటోలు కత్తిరించి, జతలు కలిపి, అట్ట మీద అంటించే పని చేశాను. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ చేస్తుందట. చేయనీ. మా అవ్వలాంటి మనిషి ఎదురుపడితే అది ఏం చేస్తుందో చూడాలని మాత్రం ఉంది.

పని చెప్పుకోవడానికి తేలికే. మనిషి కణంలో నలభై ఆరు క్రోమోజోములు ఉంటాయి, ఇరవై మూడు జతలు. కణం రెండుగా విడిపోబోయే సమయానికి దాన్ని ఆపి, గాజుపలక మీద పగలగొట్టి, రంగు వేసి, మైక్రోస్కోపులోంచి ఫొటో తీస్తే అవన్నీ చెల్లాచెదురుగా పడి కనిపిస్తాయి. ఒక్కొక్కదాన్నీ కత్తిరించి, పొడుగు చూసి, దాని మీద పడిన అడ్డగీతలు చూసి, దేనికి ఏది జతో తేల్చాలి. ఉద్యోగానికి వెళ్లిన రోజు ప్రయోగశాల పెద్ద డాక్టరమ్మ, మేమంతా మేడమ్ అనేవాళ్లం, ఆ ముక్కలు బల్ల మీద పోసి జతలు కలపమన్నది. ఆమె టీ తాగి వచ్చేలోపు కలిపేశాను. ఈ పని ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. మగ్గం దగ్గర అని చెప్పాను. ఆమె నవ్వింది కానీ నేను ఊరికే అనలేదు. ధర్మవరంలో పట్టు నేసే ఇంట్లో పుట్టిన పిల్లకు ఆరేళ్లు వచ్చేసరికి చీరకు కుడి అంచు, ఎడమ అంచు గీత గీతకూ సరిపోయిందో లేదో చూడటం వస్తుంది. రాకపోతే మా నాయన మొట్టికాయలు వేసేవాడు.

మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాయన ఇల్లరికం వచ్చినవాడు కాబట్టి అవ్వ, అంటే అమ్మ తల్లి, ఇంట్లోనే ఉండిపోయాం. ఒకే గదిలో రెండు మగ్గాలు. ఒక దాని మీద నాయన, రెండో దాని మీద మా మామ, అంటే అమ్మ తమ్ముడు. అవ్వకు మిగిలిన బిడ్డ అతనొక్కడే. మా వైపు ఆడపిల్లను మేనమామకు ఇచ్చుకోవడం మామూలు కనుక నన్ను ఎవరికిస్తారన్న ప్రశ్న ఎవరూ అడిగేవారు కాదు. మామ నాకంటే పన్నెండేళ్లు పెద్దవాడు. నేను ఇంటర్ పాసయిన ఏడాది ముహూర్తం మాట వచ్చినప్పుడు మామే, కాళ్లు దించి కూర్చుని నేసే మగ్గం గుంతలోంచి తల ఎత్తకుండా అన్నాడు:

"అది సదువుకుంటానంటాంది గదమ్మా. సదువుకోనీ. దాని నోటితో నేను యాడ వేగేది?"

ఆ ఒక్క మాటతో నేను అనంతపురం వెళ్లి బి.ఎస్సీ. చదివాను. అతను రెండేళ్లకు కంబదూరు పిల్లను చేసుకున్నాడు. నాకు చేసిన మేలు గురించి నేనెప్పుడూ అతనితో మాట్లాడలేదు. మా ఇంట్లో అలాంటివి మాట్లాడుకోరు.

ఉద్యోగంలో చేరి మూడేళ్లయినాక, సెలవుకు ఇంటికి వెళ్లినప్పుడు మామ మెడలో, ఎడమ చెవి కింద, నిమ్మకాయంత గడ్డ కనిపించింది. టీబీ గడ్డ అని ఊళ్లో డాక్టరు ఐదు నెలలుగా సూదులు వేస్తున్నాడు. ఆయన తప్పేమీ లేదు, మా ఊళ్లో మెడలో గడ్డ లేచిన పదిమందిలో ఎక్కువమందికి అదే ఉంటుంది. కానీ ఐదు నెలల సూదులకు తగ్గకపోగా పెరిగింది. పట్టి చూశాను. నొప్పి లేదన్నాడు. వేళ్ల కింద రబ్బరు ముక్కలా కదిలింది. చంకలో ఇంకోటి ఉంది. నేను డాక్టర్ని కాను. కానీ లింఫ్ గ్రంథులకు వచ్చే క్యాన్సర్ల గడ్డలు కోసి మా గదికి రోజూ పంపేవారు. వాటిని నా చేతుల్తో ముక్కలు చేసేదాన్ని. నాకు భయమేసింది.

"ఏమప్పా, నీ గాజుపలకల మీద నన్ను గూడా అంటిస్తావా?" అన్నాడు మామ. నన్ను చిన్నప్పటి నుంచీ అప్పా అనే పిలిచేవాడు.

"అంటిస్తా. ముందు గడ్డ తీయించుకో," అన్నాను.

బెంగళూరుకు రమ్మంటే రానన్నాడు. పెళ్లిళ్ల కాలం, మగ్గం మీద చీర సగంలో ఉంది. ఆఖరుకి ఊళ్లో డాక్టరే, తీరిక దొరికే ఆదివారం పొద్దున, ఆ గ్రంథిని కోసి తీయడానికి ఒప్పుకున్నాడు. నేను రెండు సీసాలు పంపాను. ఒక దాంట్లో ఫార్మలిన్: అందులో వేసిన సగం, కణజాలాన్ని మైక్రోస్కోపులో చూసే డాక్టరుకు. ఇంకో దాంట్లో మేం కణాలు పెంచే గులాబి రంగు నీళ్లు: అందులో వేసిన సగం చావకుండా నా దగ్గరికి రావాలి. పొద్దున కోత, మధ్యాహ్నం రైలుకు నాయన రెండు సీసాలూ పట్టుకుని బయలుదేరాలి, సాయంత్రానికి నేను స్టేషన్‌లో అందుకోవాలి. అన్నీ రాసి పంపాను. ఏ సీసా మంచులో పెట్టకూడదో, ఏది ఎండలో పెట్టకూడదో కూడా రాశాను. అవ్వ గురించి ఏమీ రాయలేదు. అదే నా తెలివి.

నాయన చెప్పిన వేళకే దిగాడు. సీసాలు పంచె కొంగులో చుట్టి, రైల్లో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట. చిన్న ముక్కలు, తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఫార్మలిన్ సీసా ఆ డాక్టరుకు ఇచ్చాను. గులాబి సీసాలోది చిన్నగా తరిగి, కణాలు విడదీసి, మనిషి ఒంటి వేడిలో మూడు రోజులు పొదిగి, గాజుపలకలు చేశాను.

కణజాలం రిపోర్టు ముందుగా వచ్చింది. మామూలుగా ఉబ్బిన గ్రంథి, క్యాన్సర్ లేదు. పోస్టాఫీసుకు పరిగెత్తి టెలిగ్రాం ఇచ్చాను. ఆ రోజు ప్రయోగశాలలో అందరికీ మైసూర్‌పాక్ పంచాను. ఇప్పటికీ మైసూర్‌పాక్ చూస్తే నాకు సిగ్గేస్తుంది.

రెండు రోజుల తర్వాత నా గాజుపలకలు మైక్రోస్కోపు కింద పెట్టాను. మొదటి కణంలో క్రోమోజోములు లెక్కపెట్టాను. అరవై. తప్పు లెక్కపెట్టాననుకుని మళ్లీ లెక్కపెట్టాను. అరవై. మనిషి క్రోమోజోముల్లో చాలావాటికి నడుం మధ్యలో ఉంటుంది, పైకి రెండు చేతులు, కిందికి రెండు కాళ్లు. ఇవన్నీ ఒక కొనన ముడివేసిన రెండు పోగుల్లా ఉన్నాయి. చేతులే లేవు. క్యాన్సర్ కణాల్లో లెక్క తప్పుతుందని నాకు తెలుసు. నలభై ఏడు చూశాను, యాభై చూశాను, ఎనభై కూడా చూశాను. రిపోర్టు తప్పనీ, మామకు నేనెప్పుడూ చూడనంత చెడ్డది వచ్చిందనీ అనుకున్నాను.

కానీ రెండో కణంలోనూ అరవై. ఐదో దాంట్లోనూ, ఇరవయ్యో దాంట్లోనూ అరవై. అప్పుడు అనుమానం వచ్చింది. క్యాన్సర్‌కు అంత క్రమశిక్షణ ఉండదు. అది ఒక కణంలో ఒకలా, పక్క కణంలో ఇంకోలా తప్పుతుంది. ఇక్కడ ఎవరో సరిగ్గా నేసినట్టు అన్నీ ఒకటే లెక్క.

మేడమ్‌ని పిలిచాను. పక్క గదిలో ఎలుక కణాలు పెంచుతారు, అవి మన సీసాలో పడ్డాయేమో అన్నది. ఎలుకకు నలభై కదా అన్నాను. ఆమె చాలాసేపు చూసి, ఒక ఫొటో తీయించి, పశువైద్య కళాశాలలో తనకు తెలిసినాయనకు పంపింది. మర్నాడు అదే ఫొటో వెనక ఆయన జవాబు రాసి పంపాడు: "మగ మేక. ఎందుకు అడుగుతున్నారు?"

మేడమ్ ఫొటో నాకిచ్చి, "ఇది మీ మామ దగ్గర నుంచే వచ్చిందా?" అని అడిగింది. జవాబు చెప్పాల్సిన పని లేకుండా నాకు అంతా తెలిసిపోయింది. ఆదివారం. మా ఇంట్లో ఆదివారం ఏం వండుతారో నాకు తెలుసు. బోటీ, అంటే మేక పేగులు, కడిగేటప్పుడు దాని కొవ్వులో దాక్కున్న గడ్డలు ఏరి పారేసే పని చిన్నప్పుడు నాదే. నేర్పింది అవ్వ.

తర్వాతి రైలుకే వెళ్లాను. దారంతా ఆమెను ఎన్నెన్ని మాటలనాలో తయారుచేసుకున్నాను. ఇంటికి వెళ్లేసరికి అవ్వ గుమ్మం పక్కన రాట్నం ముందు కూర్చుని పట్టు పోగు కండెలకు చుడుతోంది. నన్ను చూసి రాట్నం ఆపింది. ఇంట్లో ఎవరూ లేరు.

"వాని గడ్డ ఏం చేసినావవ్వా?" అన్నాను.

ఆమె దాచలేదు. "పూడ్సిపెట్టినా. మగ్గం గుంత మూలన. వాని బొడ్డు గూడా ఆడ్నే ఉండాది. మీయమ్మదీ ఆడ్నే, నీదీ ఆడ్నే. ఒంట్లోంచి తెగినేదాన్ని ఊరు దాటిస్తారా ఎవురన్నా? ఎవురి సేతుల్లో పడతాదో, ఎవురు ఏం సేస్తారో."

"సీసాల్లో మేక గడ్డ ఎందుకేసినావు?"

"వట్టి సీసాలు పంపితే మీ నాయన ఊరుకుంటాడా? మీరు సూసుకునేకి ఏదో ఒకటి గావాల్నంటిరి. ఆయప్ప రైలుకు ముందు బువ్వ తింటాంటే బోటీలోది తీసి ఏసినా. అచ్చం అట్లే ఉండె."

"వాళ్లు క్యాన్సర్ లేదని రాసిచ్చింది మేకకవ్వా. మామకు కాదు."

"తెలుసు," అన్నది. తల వంచుకుంది. "తంతి వచ్చినప్పుడే తెలిసె. అంతవరకు ఆ ముక్కతో జబ్బు సెప్తారని నాకు తెలీదు. సదువుకునే పిల్లోల్లకు సూపించేకి అడుగుతాండారేమో అనుకుంటి. అందరూ సంతోషంగా ఉండారు, నాకు ముద్ద దిగల్యా. ఎట్ల సెప్పేది? నువ్వొస్తే సెప్దామని కాసుకోనుండా."

రైల్లో తయారుచేసుకున్న మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు. కోపం పోలేదు, అలాగే ఉంది. దాని పక్కనే జాలి వచ్చి కూర్చుంది. ఒక బిడ్డను అప్పటికే మట్టిలో పెట్టిన మనిషి. ఉన్న ఒక్కణ్ణి ముక్కలుగా ఊరు దాటించనివ్వలేదు. కానీ ఆమె చేసిన పనివల్ల మూడు వారాలు పోయాయి. చంకలో గడ్డ అప్పటికి ఇంకొంచెం పెరిగింది.

రెండోసారి చంకలోది తీయించాం. ఈసారి నేనే పక్కన నిలబడి, సీసాలు మూత బిగించి, రైలు దాకా చేతిలోంచి దించలేదు. అవ్వ ఒక షరతు మీద ఊరుకుంది: పని అయిపోయాక మిగిలింది తెచ్చి ఇవ్వాలి, ఒక్క పోచ వదలకుండా. సరేనన్నాను.

ఈసారి నలభై ఆరే. మామ క్రోమోజోములు నేనే కత్తిరించాను. మేడమ్ వేరేవాళ్లకు ఇస్తానంటే వద్దన్నాను. పదమూడో జత వరకు చేతులు సరిగ్గానే ఉన్నాయి. పద్నాలుగో జతలో ఒకటి మామూలుగా ఉంది, రెండోదాని చివర ఎక్కువ ముక్క అతుక్కుని ఉంది. పద్దెనిమిదో జతలో ఒకదాని తోక పొట్టిగా ఉంది. ఇక్కడ తెగింది అక్కడ అతుక్కుంది. లింఫోమాల్లో ఒక రకానికి ఇలా ఎప్పుడూ అవే చోట్ల తెగి అతుకుతుందని ఆ కాలంలో అప్పుడప్పుడే తేలుతోంది. బాత్రూంకు వెళ్లి ఏడ్చాను. తిరిగొచ్చి మిగతా జతలు అంటించాను. కణజాలం రిపోర్టు కూడా అదే చెప్పింది. నెమ్మదిగా నడిచే రకం, మాత్రలతో కొన్నేళ్లు ఆపవచ్చు, పూర్తిగా పోదు.

మామకు చెబితే అట్ట చూపించమన్నాడు. చూపించాను. పద్నాలుగో జతను కాసేపు చూసి, "అంచు తప్పింది," అన్నాడు. అంతే అన్నాడు.

అవ్వ అడిగింది వేరు. "ఇది మా రక్తంలోంచి వచ్చిందా? వాని బిడ్డలకు వస్తాదా?"

"రాదు. పుట్టినప్పుడు సరిగ్గానే ఉండె. పెద్దయినాక, ఆ గడ్డలోని కణాల్లో మాత్రమే తెగింది. రక్తం గూడా పరీక్ష చేస్తిమి, మిగతా కణాలన్నీ బాగుండాయి."

"అట్లయితే నేను పెట్టింది గాదు," అన్నది. ఆ తర్వాత ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఆ మాట కోసం ఆమె ఎన్నాళ్లు కాచుకుని ఉందో నాకు అప్పుడే తెలిసింది.

మాట ఇచ్చినట్టే ఫార్మలిన్‌లో మిగిలిన ముక్క తెచ్చాను. మగ్గం గుంత మూలన అవ్వ గునపంతో తవ్వింది. గుడ్డలో చుట్టిన ముక్కను చేతిలో పెట్టుకుని, "అంతా ఇదేనా?" అని అడిగింది.

"అంతా ఇదే అవ్వా," అన్నాను.

అబద్ధం. రెండు చిన్న గొట్టాల నిండా మామ కణాలు, బతికున్నవి, ప్రయోగశాలలో ద్రవ నైట్రోజన్ డబ్బాలో ఉన్నాయి. ముందు ముందు పనికొస్తాయి, ఉంచమన్నది మేడమ్. మామను అడిగాను. "ఉండనీలేప్పా. బెంగళూరులో నాకూ ఒక కొలువు దొరికినట్లయ్యె. అమ్మకు మాత్రం సెప్పొద్దు," అన్నాడు. ఎవరో ఒకరు చెప్పొద్దంటే అబద్ధం సులువవుతుంది.

మామ ఏడేళ్లు బతికాడు. మాత్రలు వేసుకుంటూ, నెలకో రెండు నెలలకో బెంగళూరు వస్తూ పోతూ, నేశాడు. మధ్యలో రెండేళ్లు గడ్డలే లేవు. వానలు మొండికేసి వేరుశనగ ఎండిపోయిన ఏడాది కూడా, రైతులకు పని లేదు, నాకుంది అని వేళాకోళం చేసేవాడు. ఆఖరుకి ఆ నెమ్మదైన జబ్బు తొందరపడే జబ్బుగా మారింది. మగ్గం మీద సగం నేసిన చీరను నాయన పూర్తి చేశాడు.

అతను పోయిన మరుసటి ఏడు మా ప్రయోగశాలకు కొత్త పని వచ్చింది. అప్పటి వరకు మేం క్రోమోజోము తెగిందని చూడగలిగేవాళ్లం, ఏ జన్యువు దగ్గర తెగిందో చూడలేకపోయేవాళ్లం. ఆ జన్యువును పట్టిచ్చే డీఎన్ఏ ముక్కను పరాయి దేశంలో తయారుచేసి పంపారు. రోగి డీఎన్ఏను కోసి, రేడియోధార్మికత పెట్టిన ఆ ముక్కను దాని మీద వదిలితే, ఎక్స్‌రే ఫిల్ము మీద నల్లటి గీతలు పడతాయి. మామూలు మనిషికి ఒక గీత పడే చోట, తెగి అతుక్కున్నవాళ్లకు రెండు పడతాయి. దానికి డీఎన్ఏ బాగా కావాలి. మా దగ్గర సరైన అతుకు ఉన్న కణాలు కొన్నే ఉన్నాయి. మామవి అందులో మంచివి.

రెండు గొట్టాలూ నేనే బయటికి తీశాను. గోరువెచ్చని నీళ్లలో కరిగించి మైక్రోస్కోపు కింద చూశాను. ఏడేళ్లకు పైగా గడ్డకట్టి ఉన్నా చాలావరకు బతికే ఉన్నాయి, గుండ్రంగా, మెరుస్తూ. ఆ తర్వాత వాటిని పగలగొట్టాను. చల్లటి ఆల్కహాల్ పోస్తే డీఎన్ఏ తెల్లటి దారంగా తేలింది. గాజుకడ్డీకి చుట్టి తీశాను. పట్టు చుట్టే చేతులకు అది కష్టం కాదు. ఫిల్ము మీద రెండు గీతలు పడ్డాయి. మేడమ్ సంతోషపడింది. నేనూ పడ్డాను, అందులో దాచేదేముంది. మిగిలిన కొంచెం దారం ఒక చిన్న గొట్టంలో వేసి సెలవు పెట్టాను.

అవ్వకు అప్పటికి చూపు తగ్గింది, రాట్నం మానలేదు. పక్కన కూర్చుని నిజం చెప్పేశాను. అంతా ఇదేనని ఆ రోజు అబద్ధం చెప్పాననీ, కొన్ని కణాలు ఉంచుకున్నాననీ చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"నేను మీకు మేకనిచ్చి మోసం జేసినా. నువ్వు దాసిపెట్టుకోని మోసం జేసినావు. సరిపాయె," అన్నది. మళ్లీ, "బతికేవా అవి?" అని అడిగింది.

"బతికేవే. మంచులో పెడితే నిద్రపోయినట్లుంటాయి. తీసి వెచ్చగా పెడితే మళ్లా లేస్తాయి."

"వాడు పోయినాక గూడా?"

"పోయినాక గూడా. మొన్న తీసినప్పుడు గూడా బతికే ఉండె. అవ్వా, అవి మామను సంపిన కణాలే."

"వాని ఒంట్లోవే గదా," అన్నది. "ఇప్పుడు యాడుండాయి?"

"అయిపోయినాయి. పరీక్షకు వాడేస్తిమి. ఉండేదంతా."

రాట్నం మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. వీధిలో ఎవరో పట్టు జరీ మూట సైకిల్ మీద తోసుకుంటూ పోయారు. అవ్వ అన్నది:

"నన్నొక మాట అడిగింటే ఉంచమని సెప్పిందును గదమ్మీ. బతికుండేదాన్ని పూడ్సమంటానా నేను?"

అసలు అన్ని కణాలూ కరిగించాల్సిన అవసరమే లేదు. ఒక గొట్టం చాలేది. రెండోది ఎందుకు తీశానంటే ఆమెకిచ్చిన మాట తీర్చుకుందామని, ఇక దాచేదేమీ మిగలకూడదని. అది ఆమెకు చెప్పలేదు.

చేతిలోని గొట్టం ఆమె అరచేతిలో పెట్టాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుని, వెలుతురుకు తిప్పి, లోపలి తెల్లటి దారం చూసింది.

"ఇది బతికుండాదా?"

"లేదవ్వా."

"అయితే గునపం తే," అన్నది.